వణుకుకు ఒక చిరునామా

అమెరికా దేశం నడుమ నెబ్రాస్కా అని ఒక రాష్ట్రం ఉంది. మొక్కజొన్న చేలు, పశువుల మందలు, దూరదూరంగా ఊళ్లు. 1996లో అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో పార్కిన్సన్ వ్యాధి ఉన్న ప్రతి ఒక్కరి వివరాలూ ఆరోగ్యశాఖకు చేరాలన్నది ఆ చట్టం. అమెరికాలో ఆ జబ్బు కోసం ఒక రాష్ట్ర ప్రభుత్వం తెరిచిన మొదటి రిజిస్ట్రీ అదే. వివరాలు పంపే బాధ్యతను డాక్టర్లతో పాటు మందుల షాపులవాళ్ల మీద కూడా పెట్టారు.

ఆ రెండో ఏర్పాటు చూస్తే, చట్టం రాసినవాళ్లకు రోగి బతుకు దగ్గర నుంచి తెలుసనిపిస్తుంది. డాక్టరు పని ఒత్తిడిలో మరిచిపోవచ్చు. రోగి నాలుగూళ్లు తిరిగి నలుగురికి చూపించుకోవచ్చు. ఒకరు చెప్పిన జబ్బు పేరు ఇంకొకరు ఒప్పుకోకపోవచ్చు. కానీ లెవోడోపా మాత్ర పడకపోతే ఈ జబ్బు ముదిరిన మనిషికి మంచం దిగడమే కష్టం. మన దగ్గర చాలామంది సిండోపా అని అడిగి కొనుక్కునేది ఆ మందే. రోజుకు మూడు నాలుగు సార్లు, ఏళ్ల తరబడి వేసుకోవాలి. ఎక్కడెక్కడ తిరిగినా ఆ మనిషి, లేకపోతే ఆయన కొడుకో కోడలో, మందుల షాపు మెట్టెక్కక తప్పదు. అందుకే అక్కడ కూడా ఒక పుస్తకం తెరిపించారు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఇలాంటి పుస్తకాల గురించే. ఒక జబ్బు ఎవరికి వచ్చింది, ఎక్కడ ఉన్నప్పుడు వచ్చింది, ఏ పని చేసేవాళ్లకు వచ్చింది అన్నది ప్రభుత్వం తన బాధ్యతగా రాసి పెట్టుకోవాలి. పార్కిన్సన్ విషయంలో అది ఎంత అవసరమో చెప్పాలంటే ముందు ఆ జబ్బు నడక గురించి కాస్త చెప్పాలి.

మన ఊళ్లలో దీన్ని వణుకుడు జబ్బు అంటారు. కానీ వణుకు దానిలో ఒక ముక్క మాత్రమే. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. సంతకం చిన్నదైపోతూ వస్తుంది, బ్యాంకులో చెల్లదంటారు. నడుస్తూ నడుస్తూ గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. ముఖంలో భావం పలకదు, దాంతో పలకరించడానికి వచ్చినవాళ్లు ఈయనకు మేం రావడం ఇష్టం లేదేమో అనుకుంటారు. మెదడు అడుగుభాగంలో చిన్న నల్లని ప్రదేశం ఒకటుంది. డోపమీన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు అక్కడ ఉంటాయి. అవి చనిపోతూ రావడమే ఈ జబ్బు. చేతిలో మొదటి వణుకు కనిపించేసరికే వాటిలో సగమో అంతకంటే ఎక్కువో పోయి ఉంటాయని వైద్యుల అంచనా. అంతకు ఎన్నో ఏళ్ల ముందే వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కలకు తగ్గట్టు అరవడం, కాళ్లు చేతులు విసరడం మొదలై ఉండవచ్చు. వాటిని ఎవరూ డాక్టరుకు చెప్పరు, డాక్టరూ అడగడు.

అంటే, అరవై అయిదేళ్ల మనిషి ఇవాళ ఆసుపత్రికి వస్తే, ఆయన జబ్బుకు బీజం పడింది నలభై ఏళ్ల వయసులో కావచ్చు, ఇరవై ఏళ్ల వయసులో కావచ్చు. అప్పుడు ఆయన ఏ ఊళ్లో ఉన్నాడు? ఏ నీళ్లు తాగాడు? చేతులతో ఏ పని చేశాడు? ఎదురుగా కూర్చున్న డాక్టరుకు ఇవేవీ కనిపించవు. ఒక్క డాక్టరు తన జీవితమంతా చూసిన రోగులనందరినీ గుర్తుపెట్టుకున్నా ఈ ముడి విప్పలేడు.

1982లో కాలిఫోర్నియాలో జరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి. శాన్ హోసే నగరంలోని శాంటా క్లారా వ్యాలీ మెడికల్ సెంటరుకు ఒక రోగిని తీసుకొచ్చారు. నలభై రెండేళ్ల మనిషి. కదలడు, మాట్లాడడు. స్పృహ మాత్రం పూర్తిగా ఉంది. న్యూరాలజిస్టు విలియం లాంగ్‌స్టన్ ఆయనను పరీక్షించి ఆశ్చర్యపోయారు. ఇరవై ఏళ్ల పాటు ముదిరిన పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు ఆ మనిషిలో కొద్ది రోజుల్లోనే వచ్చేశాయి. అదే ప్రాంతంలో అలాంటి వాళ్లు ఇంకొందరు బయటపడ్డారు. వాళ్లంతా దొంగచాటుగా తయారుచేసిన కృత్రిమ హెరాయిన్ ఎక్కించుకున్నవాళ్లు. తయారీలో తేడా వచ్చి ఎమ్‌పీటీపీ అనే పదార్థం దానిలో కలిసింది. అది మెదడులోని సరిగ్గా ఆ నల్లని ప్రదేశాన్నే నాశనం చేసింది. 1983లో లాంగ్‌స్టన్ బృందం ఈ విషయాన్ని సైన్స్ పత్రికలో ప్రచురించింది. బయటినుంచి ఒంట్లోకి వెళ్లిన ఒక రసాయనం సరిగ్గా ఆ కణాలనే చంపి పార్కిన్సన్ లక్షణాలను పుట్టించగలదని ప్రపంచానికి అప్పుడే స్పష్టంగా తెలిసింది.

ఈ కథను వైద్య పాఠ్యపుస్తకాలు గొప్ప పరిశోధనగా చెప్పుకుంటాయి, అది నిజమే. నాకు మాత్రం ఇందులో వేరే సంగతి ఎక్కువగా కనిపిస్తుంది. ఆ విషం రోజుల్లో పనిచేసింది కనక దొరికింది. రోగులు చిన్న వయసువాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ఒకే తరహా మందు ఎక్కించుకున్నవాళ్లు. అదే విషం ముప్ఫై ఏళ్లు తీసుకుని నెమ్మదిగా పనిచేసి ఉంటే? వాళ్లందరూ తలో ఊరూ చేరేవాళ్లు. ముసలివాళ్లయ్యేవాళ్లు. వేరువేరు ఊళ్లలో వేరువేరు డాక్టర్లు ప్రతి ఒక్కరికీ వయసు మీద పడింది, మందు వాడండి అని చెప్పి పంపేవాళ్లు. ఆ రోగులను కలిపే దారం ఎవరి చేతికీ దొరికేది కాదు.

నల్గొండ ఫ్లోరోసిస్ మనకెలా తెలిసింది? ఒకే ఊళ్లో వంకర తిరిగిన కాళ్లు, గార పట్టిన పళ్లు అందరికీ కనిపించాయి. ఉద్దానం కిడ్నీ జబ్బు ఎలా తెలిసింది? కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల ఒకరి తరవాత ఒకరు పోతుంటే తెలిసింది. ఒకచోట గుంపుగా వచ్చిన జబ్బు కళ్లపడుతుంది. పార్కిన్సన్ అలా రాదు. ఊరికి ఒకరిద్దరు, వీధికి ఒకరు కూడా ఉండరు. వందల ఊళ్లను ఒక కాగితం మీద పెట్టి చూస్తే తప్ప, ఈ పక్క ఎక్కువ ఉన్నారు, ఆ పక్క తక్కువ ఉన్నారు అని తెలియదు. ఆ కాగితం పేరే రిజిస్ట్రీ.

ఎమ్‌పీటీపీ కథ అక్కడితో ఆగలేదు. అది శరీరంలో మారి తయారయ్యే విష పదార్థానికీ, పారాక్వాట్ అనే గడ్డిమందుకూ రసాయన నిర్మాణంలో దగ్గరి పోలిక ఉంది. పారాక్వాట్ పేరు మన రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ పోలిక చూసిన శాస్త్రవేత్తల దృష్టి ఆసుపత్రుల నుంచి చేల వైపు మళ్లింది. అదే కాలిఫోర్నియాలో సెంట్రల్ వ్యాలీ అని పెద్ద వ్యవసాయ మైదానం ఉంది. కెర్న్, టులారీ, ఫ్రెస్నో కౌంటీలలో ద్రాక్ష, బాదం, నారింజ, పత్తి పండిస్తారు. అక్కడ ఒక మంచి అలవాటు 1970లలోనే మొదలైంది. ఏ చేలో ఏ మందు ఎంత కొట్టారో ప్రభుత్వానికి తెలియజేయాలి. మొదట్లో కొన్ని మందులకే ఉన్న ఆ నియమాన్ని 1990లో వ్యవసాయంలో వాడే పురుగుమందులన్నిటికీ వర్తింపజేశారు. చదరపు మైలు చొప్పున లెక్క ఉంటుంది.

లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే బీటే రిట్జ్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం ఈ మందుల రికార్డును వాడుకున్నారు. ఆ మూడు కౌంటీలలో పార్కిన్సన్ ఉన్న 368 మందిని, లేని 341 మందిని తీసుకుని, వాళ్లు 1974 నుంచి 1999 వరకు ఎక్కడెక్కడ కాపురం ఉన్నారో అడిగి తెలుసుకున్నారు. ఆ ఇళ్లను మందుల రికార్డుతో కలిపి చూశారు. ఇంటికి 500 మీటర్ల లోపు చేలలో పారాక్వాట్, మానెబ్ అనే రెండు మందులూ కొట్టిన చోట నివసించిన వాళ్లకు ఈ జబ్బు ముప్పు 75 శాతం ఎక్కువగా కనిపించింది. వయసులో చిన్నవాళ్లలో తేడా ఇంకా పెద్దది. 2009లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. వాళ్లలో అందరూ మందు కొట్టినవాళ్లు కారు, పక్కన కాపురం ఉన్నవాళ్లు కూడా.

ఫలానా మనిషికి ఫలానా మందు వల్లే ఈ జబ్బు వచ్చిందని ఎవరూ వేలెత్తి చూపలేరు. జన్యువులు, వయసు, ఇంకా ఎన్నో కారణాలు కలిసి పనిచేస్తాయి. ఈ విషయంలో తొందరపడి మాట్లాడకూడదు. అయితే యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి పారాక్వాట్ లేదు. ఫ్రాన్స్ 2012లో, పురుగుమందులతో పనిచేసిన రైతులకు వచ్చే పార్కిన్సన్‌ను వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా చట్టంలో చేర్చింది. అమెరికాలో, మన దేశంలో ఆ మందు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. కేరళ 2011లోనే ఆపేసింది.

ఆ పరిశోధన మొదలుపెట్టినప్పుడు రిట్జ్ బృందం దగ్గర మందుల లెక్క ఉంది, రోగుల లెక్క లేదు. న్యూరాలజిస్టుల చుట్టూ, క్లినిక్కుల చుట్టూ తిరిగి ఒక్కొక్కరినే వెతికి పట్టుకోవలసి వచ్చింది. మందు కొట్టిన చేనుకు రికార్డు ఉంది, జబ్బు పడిన మనిషికి లేదు. కాలిఫోర్నియా ప్రభుత్వం 2004లో పార్కిన్సన్ రిజిస్ట్రీ చట్టం చేసింది గానీ దానికి నిధులు కేటాయించలేదు. బయటినుంచి డబ్బు వస్తే అమలు చేయవచ్చు అని రాసి వదిలేసింది. అక్కడక్కడ కొన్ని కౌంటీలలో ప్రయోగంగా నడిచింది, అంతే. రోగులు, వాళ్ల కుటుంబాలు, నటుడు మైకేల్ జె. ఫాక్స్ స్థాపించిన సంస్థ ఏళ్ల తరబడి శాసనసభ్యుల చుట్టూ తిరిగారు. ఫాక్స్‌కు ఈ జబ్బు బయటపడింది 29 ఏళ్ల వయసులో, 1991లో. 1998 దాకా ఆయన బయటి ప్రపంచానికి చెప్పలేదు. అంత పేరున్న మనిషికే చెప్పుకోవడానికి ఏడేళ్లు పట్టింది. చివరికి 2017లో నిధులు వచ్చాయి. 2018 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో పార్కిన్సన్ రోగిని చూసిన ప్రతి వైద్యుడూ 90 రోజుల లోపు వివరాలు పంపడం తప్పనిసరి అయింది. చట్టం చేయడానికీ అది పనిచేయడానికీ మధ్య 14 ఏళ్లు పోయాయి. ఆ 14 ఏళ్లలో చనిపోయిన రోగుల చిరునామాలు, వాళ్ల పనిపాటల వివరాలు వాళ్లతోనే పోయాయి. నిధి లేని చట్టం ఎంత నష్టం చేస్తుందో మన పాలకులు కూడా ఇక్కడి నుంచే తెలుసుకోవచ్చు.

అక్కడ వివరాలు పంపడానికి రోగి అనుమతి అక్కర్లేదు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, జబ్బు ఎప్పుడు తేలింది అన్నవి వెళ్తాయి. ఎవరైనా పరిశోధకులు తరవాత మాట్లాడాలని అడిగితే మాత్రం, వద్దు అనే హక్కు రోగికి ఉంది.

ఈ తప్పనిసరి అన్న మాట కొందరికి కష్టంగా ఉంటుంది. నా ఒంట్లో జబ్బు గురించి ప్రభుత్వానికెందుకు అనే ప్రశ్న న్యాయమైనదే. మన సమాజంలో ఆ భయం మరీ ఎక్కువ. ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్ల ఉంటే తండ్రి చేతి వణుకు దాచిపెడతారు. ఉద్యోగం ఇంకో మూడేళ్లు ఉందనగా డాక్టరు చీటీని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. కాబట్టి ఆ వివరాలు ఎవరి కంటా పడకుండా కాపాడే కట్టుదిట్టమైన నిబంధనలు, తప్పుచేస్తే శిక్షలు ఉండి తీరాలి. అయినా నేను తప్పనిసరి వైపే నిలబడతాను. కారణం చెబుతాను. ఇష్టమున్నవాళ్లు చేరండి అంటే ఎవరు చేరతారు? చదువుకున్నవాళ్లు, పట్నంలో ఉన్నవాళ్లు, ఫోనులో దరఖాస్తు నింపగలిగినవాళ్లు. సెంట్రల్ వ్యాలీలో మెక్సికో నుంచి వచ్చి ద్రాక్ష కోసే కూలీ చేరడు. మన దగ్గరైతే వీపుకు ట్యాంకు తగిలించుకుని రోజుకూలికి మందు కొట్టే మనిషి చేరడు. అసలు ఎవరి గురించి తెలుసుకోవాలో వాళ్లే ఆ లెక్కలో ఉండరు.

తప్పనిసరి చేసినా కొందరు జారిపోతారు. పెన్సిల్వేనియాలో పేదల ప్రభుత్వ బీమాలో ఉన్నవాళ్లను పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతివాళ్లకు పార్కిన్సన్ అని నిర్ధారణ కావడం సగమే ఉంది. వాళ్లకు జబ్బు తక్కువ వస్తుందా, డాక్టరు దాకా చేరడమే తక్కువా? ఒక ప్రాంతంలో అంకె తక్కువగా ఉంటే సంతోషించే ముందు అక్కడ న్యూరాలజిస్టులు ఎంతమంది ఉన్నారో అడగాలి.

రిజిస్ట్రీ అని పేరు లేకపోయినా పాత రికార్డులు ఒక్కోసారి ఆ పని చేసిపెడతాయి. నార్త్ కరొలీనాలో క్యాంప్ లెజూన్ అని అమెరికా మెరైన్ దళాల స్థావరం ఉంది. 1953 నుంచి 1987 వరకు అక్కడి తాగునీటిలో లోహపు విడిభాగాలకు పట్టిన గ్రీజు కడగడానికి, బట్టల డ్రైక్లీనింగుకు వాడే ద్రావకాలు కలిశాయి. వాటిలో ముఖ్యమైనది ట్రైక్లోరోఇథిలీన్. 2023లో పరిశోధకులు, 1975 నుంచి 1985 మధ్య అక్కడ ఉన్న సైనికుల వైద్య రికార్డులను, కాలిఫోర్నియాలో కలుషితం కాని నీళ్లున్న క్యాంప్ పెండిల్టన్‌లో ఉన్నవాళ్ల రికార్డులతో పోల్చారు. మొత్తం లక్షా యాభై ఎనిమిది వేల మందికి పైగా మనుషులు. లెజూన్‌లో ఉన్నవాళ్లకు పార్కిన్సన్ ముప్పు 70 శాతం ఎక్కువ. వాళ్లు ఆ నీళ్లు తాగింది ఇరవై ఏళ్లు అటూ ఇటూ వయసులో, జబ్బు బయటపడింది దశాబ్దాల తరవాత. ఇది ఎందుకు తెలిసింది? సైన్యం తన మనిషి ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎక్కడ ఉన్నాడో రాసిపెట్టుకుంటుంది, ఆ తరవాత మాజీ సైనికుల ఆసుపత్రులు అతనికి ఏ జబ్బు వచ్చిందో రాసిపెడతాయి. ఈ రెండు పుస్తకాలూ ఉన్నాయి కనక తెలిసింది. వ్యవసాయ కూలీకి ఈ రెండిటిలో ఒకటీ లేదు.

డెన్మార్క్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఆ దేశంలో 1977 నుంచి ఆసుపత్రిలో చేరిన ప్రతి మనిషి వివరమూ జాతీయ రిజిస్టరులో ఉంది. ఒకప్పుడు కడుపులో పుండ్లకు మెదడు నుంచి పొట్టకు వెళ్లే వేగస్ నరాన్ని కోసేవాళ్లు. ఆ నరాన్ని మొత్తంగా కోసిన పాత రోగులకు పార్కిన్సన్ తక్కువగా వచ్చినట్టు 2015లో ఆ రిజిస్టరు చూసినవాళ్లకు కనిపించింది. జబ్బు పొట్టలో మొదలై నరం గుండా మెదడుకు పాకుతుందేమో అనే ఊహకు అది బలమిచ్చింది. ఇంకా తేలవలసిన విషయమే. కానీ 1980లో కడుపు ఆపరేషను రాసిపెట్టిన గుమస్తాకు అది ఇలా పనికొస్తుందని తెలిసే అవకాశమే లేదు.

అమెరికా మొత్తానికీ కలిపి లెక్క తీయడానికి 2016లో కేంద్ర చట్టం ఒకటి వచ్చింది, 2024లో పార్కిన్సన్‌ను అరికట్టడానికి జాతీయ ప్రణాళిక కావాలని మరో చట్టం వచ్చింది. ఈ మధ్యలో, 2022లో ఒక పరిశోధన బృందం లెక్క సరిచూసింది. అమెరికాలో ఏటా కొత్తగా 60 వేల మందికి ఈ జబ్బు వస్తుందని అంతకుముందు అనుకునేవాళ్లు. అది 90 వేలకు దగ్గరగా ఉందని తేలింది. ఏటా 30 వేల మంది ఎవరి లెక్కలోనూ లేకుండా ఉన్నారు. ఆ 30 వేల మందికి కావలసిన డాక్టర్లను, ఫిజియోథెరపిస్టులను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

కాలిఫోర్నియాలోని శాన్ హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్‌లలో ఇప్పుడు మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లల దగ్గరకు వెళ్లి అక్కడే స్థిరపడిన తల్లిదండ్రులు ఉన్నారు. తెనాలి పక్క పల్లె నుంచి వెళ్లిన ఒక పెద్దాయనకు అక్కడ పార్కిన్సన్ అని తేలిందనుకోండి. మూడు నెలల లోపు ఆయన వివరాలు కాలిఫోర్నియా ఆరోగ్యశాఖకు చేరతాయి. ఆయన తమ్ముడికి అదే జబ్బు తెనాలిలో తేలితే ఏ పుస్తకంలోనూ చేరదు. ఇంకొకటి కూడా ఉంది. అన్నగారి చిరునామా ఫ్రీమాంట్ అని పడుతుంది. ఆయన అరవై ఏళ్లు బతికింది కాలవ గట్టు పక్క వరిచేలలో. రిజిస్ట్రీకి ఉన్న పెద్ద లోపం ఇదే. జబ్బు తేలిన రోజు చిరునామా రాస్తే చాలదు, పాత చిరునామాలన్నీ అడగాలి. ఆ పాత చిరునామాలలో ఏం జరిగిందో చెప్పే పుస్తకం తెనాలిలో ఉండాలి.

మన దేశంలో ఇప్పటిదాకా జరిగినవి సర్వేలు. ముంబయిలో పార్సీల కాలనీలలో ఇంటింటికీ తిరిగి 14 వేల మందిని చూసిన సర్వే 1988లో అచ్చయింది. లక్షకు 328 మంది చొప్పున ఉన్నారని తేలింది. ఆ తరవాత బెంగళూరు, దాని చుట్టుపక్కల పల్లెలలో లక్ష మందికి పైగా చూసిన మరో సర్వే లక్షకు 33 అని చెప్పింది. పది రెట్ల తేడా. పార్సీలలో వయసు మళ్లినవాళ్లు ఎక్కువ కాబట్టి కొంత తేడా సహజం. బెంగళూరులో కూడా అరవై దాటినవాళ్లను మాత్రమే తీసుకుంటే లక్షకు 247 దాకా వచ్చింది. మన జనాభా వేగంగా ముసలిదవుతోంది. ప్రపంచం మొత్తం మీద 2019లో 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అందులో మన రెండు రాష్ట్రాల వాటా ఎంత అంటే ఎవరి దగ్గరా పుస్తకం లేదు.

ఇది మనకు చేతకాని పని కాదు. క్షయ రోగిని గుర్తించిన ప్రతి డాక్టరూ, ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే, ప్రభుత్వానికి తెలియజేయాలని 2012లో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. 2018లో ఆ బాధ్యతలోకి మందుల షాపులను కూడా తెచ్చింది. నెబ్రాస్కా చేసిన ఆలోచనే అది. క్యాన్సర్‌కు భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 1980ల నుంచి రిజిస్ట్రీలు నడుస్తున్నాయి. దారి వేసి ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో, విశాఖ కేజీహెచ్‌లో, జిల్లాల బోధనాసుపత్రులలో నరాల జబ్బుల విభాగాలు ముందు మొదలుపెట్టి, ఆ తరవాత ప్రైవేటు న్యూరాలజిస్టులనూ మందుల షాపులనూ కలుపుకోవచ్చు.

రెండో పుస్తకం, అంటే చేలలో కొట్టిన మందుల పుస్తకం సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మన పొలానికి అడంగల్ ఉంది, పహాణి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ పేరుతో ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో నమోదు చేస్తున్నారు. పురుగుమందుల దుకాణాలు ఎంత సరుకు వచ్చింది, ఎంత అమ్మారు అని రాస్తాయి. కానీ ఆ సర్వే నంబరులో ఏ మందు కొట్టారు, ఎన్నిసార్లు కొట్టారు అని అడిగే చట్టం మనకు లేదు. 1968 నాటి పురుగుమందుల చట్టంలో అలాంటి నిబంధన లేదు. గుంటూరు మిర్చి చేలకు, వరంగల్, ఆదిలాబాదు పత్తి చేలకు ఎన్ని దఫాలు మందు పడుతుందో మనందరికీ తెలుసు. పంట నమోదు చేసేటప్పుడే మరో గడి చేర్చి మందు పేరు కూడా రాయించవచ్చు. రైతును తప్పుపట్టడానికి కాదని, ఆ రైతు ఆరోగ్యం కోసమేనని ముందే చెప్పాలి, చెప్పిన మాట నిలబెట్టుకోవాలి.

మన దగ్గర రిజిస్ట్రీ తెరిస్తే మొదటి ఏడాదే బయటపడే విషయం ఒకటి ఉందని నా నమ్మకం. గ్యాస్, కడుపు ఉబ్బరం, అజీర్తి అని వెళ్తే రాసే మాత్రలలో లెవోసల్పిరైడ్ కలిసినవి చాలా ఉన్నాయి. పొట్టలో ఆమ్లాన్ని తగ్గించే మందుతో కలిపి ఒకే గొట్టం మాత్రలో వస్తాయి. పెద్ద వయసువాళ్లు ఆ మందును నెలల తరబడి వాడితే చేతులు వణకడం, నడక మందగించడం, ముఖం బిగుసుకుపోవడం రావచ్చు. తలతిరుగుడుకు ఇచ్చే సిన్నారిజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని మానసిక వ్యాధుల మందులూ ఇదే పని చేయగలవు. చూడటానికి అచ్చం పార్కిన్సన్‌లాగే ఉంటుంది. అసలు కారణమైన మాత్ర ఆపితే చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది. ఆ సంగతి అడగకుండా పార్కిన్సన్ అని పేరు పెట్టి, పాత మాత్ర మీద కొత్త మాత్ర రాస్తే, జీవితాంతం ఉండే జబ్బు అనే ముద్ర పడుతుంది. రిజిస్ట్రీలో అంతకుముందు వాడిన మందులు అనే ఒక్క గడి ఉన్నా ఏ ఊళ్లో ఇలా ఎంతమంది ఉన్నారో వెంటనే కనిపిస్తుంది. ఇంతవరకు ఇది ఒక్కొక్క న్యూరాలజిస్టు తన గదిలో తాను గమనించి బాధపడే విషయంగానే మిగిలింది.

ఈ ప్రసంగం వింటున్న వైద్యులకు నా మనవి ఇది. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ ఓపీ చీటీలో నాలుగు మాటలు కలపండి. పుట్టిన ఊరు, ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య కాపురమున్న ఊళ్లు, అప్పుడు చేసిన పని, వణుకు మొదలవడానికి ముందు ఏడాదిలో వాడిన మందులు. పదేళ్లకు ఆ చీటీలే ఒక జిల్లా చరిత్ర అవుతాయి.

ఇంట్లో ఈ జబ్బుతో ఉన్నవాళ్లకు, వాళ్లను చూసుకునే భార్యాబిడ్డలకు కూడా ఒక మాట. రోగికి గుర్తున్నంతవరకు ఆ వివరాలు ఇవాళే అడిగి రాసుకోండి. బావి నీళ్లా, బోరు నీళ్లా, చేను ఇంటికి ఎంత దూరం, మందు ఎవరు కలిపేవాళ్లు, చేతికి తొడుగు ఉండేదా, అన్నీ రాయండి. ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, గ్యాసు మాత్రలతో సహా, ఒక సంచీలో వేసి ఈసారి డాక్టరు దగ్గరకు పట్టుకెళ్లండి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి, లెవోడోపాను అసలే ఆపకండి, హఠాత్తుగా మానేస్తే ప్రమాదం. ఒక్కొక్క అట్టా బల్ల మీద పెట్టి, ఇది ఎప్పటి నుంచి వాడుతున్నామో చెప్పి, ఇంకా అవసరమా అని అడగండి.